పుస్తకాల గంప నెత్తికెత్తుకున్న మనిషి: వట్టికోట ఆళ్వారుస్వామి

వార్షికోత్సవ సంచికకు గొప్పవారి జీవితం ఏదైనా రాసివ్వమని హాస్టలు నుంచి కబురు వచ్చినప్పుడు మాకు ముందుగా గుర్తుకొచ్చింది గుర్రం జాషువా గారే. దొనకొండలో రైలెక్కి గుంటూరు వైపు పోతే కురిచేడు దాటాక వచ్చే వినుకొండ ఆయన ఊరు. కానీ జాషువా గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. ఈసారి మాత్రం మన తమ్ముళ్ళలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక నవలా రచయితను పరిచయం చేద్దామనుకున్నాం. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి గారు. తెలంగాణలో పుస్తకం పట్టిన ప్రతివారికీ తెలిసిన పేరు. మన వైపే తక్కువ తెలుసు. మేమూ పి.జి.లో చేరేదాకా వినలేదు. విన్నాక, పదేళ్ళు హాస్టళ్ళలో ఉన్న మాకు ఈయన గురించి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆళ్వారుస్వామి గారు 1915 నవంబరు 1న నల్గొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టారు. తల్లి సింహాద్రమ్మ, తండ్రి రామచంద్రాచార్యులు. చిన్న వయసులోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టమైంది. ఆ రోజుల్లో నల్గొండ నిజాం ప్రభువు రాజ్యంలో ఉండేది. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పటి కర్నూలు జిల్లాలో, ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలో ఉండేవి. మన వైపు తెలుగు బడి అన్నది ఎంతో కొంత ఉండేది. అక్కడ సర్కారు భాష ఉర్దూ. తెలుగు బడులే తక్కువ, ఉన్న బడికి పోయే స్తోమత ఇంకా తక్కువ.

మరి తండ్రి లేని పిల్లవాడు చదువుకునేది ఎలా? ఒక ఉపాధ్యాయుని ఇంట్లో ఉండి, వంట చేసిపెట్టి, ఇంటి పనులు చేసి, ఆ పనుల మధ్యన చదువు నేర్చుకున్నాడు. ఈ ఒక్క వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. చదువు కోసం పరాయి ఇంట్లో ఉండడం అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. మన ముందు తరంలో హాస్టలు సీటు దొరకనివాళ్ళు ఏ మేనమామ ఇంట్లోనో ఉండి, పొద్దున్నే గొడ్ల దగ్గర ఊడ్చి, పేడ ఎత్తి, నీళ్ళు మోసి, అప్పుడు బడికి పోయారు. అక్కడ అన్నం పెట్టినవారి ముఖం చూసి తినాలి. హాస్టల్లో చారు నీళ్ళగా ఉందని మనం గొడవ పెట్టుకోగలం, కంచం పట్టుకుని వార్డెన్ గారి గది ముందు నిలబడగలం. వేరొకరి ఇంట్లో వండిపెట్టి చదువుకునే పిల్లవాడికి ఆ నోరు ఉండదు.

అక్కడి నుంచి ఆయన సూర్యాపేట చేరి గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివారు. తర్వాత బతుకుతెరువుకు విజయవాడ వచ్చారు. అక్కడ ఒక హోటల్లో సర్వరుగా పనిచేశారు. పగలు బల్లల దగ్గర టిఫిన్లు అందించడం, తీరిక దొరికితే చదవడం. ఇంగ్లీషు కూడా ఆ కాలంలోనే సొంతంగా నేర్చుకున్నారు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయిన వేసవిలో మేము ముగ్గురం స్నేహితులం ప్యాసింజరు బండెక్కి విజయవాడ పోయి, ఒక హోటల్లో నలభై రోజులు పనిచేశాం. బల్లలు తుడిచాం, ఎంగిలి గ్లాసులు కడిగాం. పగిలిన గ్లాసుల పేరు చెప్పి చివర్లో ఆ యజమాని మా డబ్బుల్లో బాగానే కోత పెట్టాడు. బాధ దానికి కాదు. తిరిగి వచ్చాక అందరికీ కోచింగుకు పోయామని చెప్పాం. ఇంట్లో అమ్మానాన్నలకు తప్ప నిజం ఎవరికీ తెలియదు. ఆ వేసవిలో బేల్దారి పనికి పోయిన మిత్రులు కూడా అదే అబద్ధం చెప్పారని తర్వాత తెలిసింది. అందరం ఒకరికొకరం కోచింగు గురించి చెప్పుకుని మురిసిపోయాం! ఆళ్వారుస్వామి గారి జీవితం రాసినవారెవరూ ఆయన వంటవాడిగా, సర్వరుగా చేసిన రోజులను దాటవేయలేదు. ఆయన పుస్తకాల మీద పరిశోధన చేసిన పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా మొదట ఆ సంగతి చెప్పాకే ముందుకు పోతారు. ఇది చదివాక మేము ముగ్గురం ఫోన్లు చేసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు ఈ సంచికలో రాసేశాం కాబట్టి దాచడానికి ఏమీ లేదు.

ఇలాంటి రచయితలు ప్రపంచంలో అక్కడక్కడా ఉన్నారు. రష్యాలో మాక్సిం గోర్కీ చిన్నప్పుడు వోల్గా నది మీద తిరిగే స్టీమరులో అంట్లు తోమాడు. అక్కడి వంటవాడే ఆయనకు పుస్తకాల రుచి చూపించాడు. స్వీడను దేశంలో అయితే ఇలాంటివారు ఒక తరమే వచ్చింది. ఐవార్ లూ-యోహాన్సన్ అనే నవలా రచయిత 1901లో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు భూస్వాముల దగ్గర ఏడాదికింతని ఒప్పందం మీద పనిచేసే కూలీలు. జీతంలో ఎక్కువ భాగం ధాన్యం, పాలు, ఉండడానికి ఒక గది. మన వైపు ఉగాదికి జీతం మాట్లాడుకుని ఏడాది పొడుగునా ఆసామి ఇంట్లో ఉండే పాలేరుతనం ఉండేది కదా, దాదాపు అదే. మా తాత అలా జీతం ఉన్నవాడే. లూ-యోహాన్సన్ ఆ బతుకుల మీద కథలూ నవలలూ రాశాడు. 1945లో ఆ దేశంలో ఆ పద్ధతి రద్దయింది. కూలీల సంఘాల పోరాటంతో పాటు ఆయన పుస్తకాలకు కూడా అందులో భాగం ఉందని అక్కడివారు ఒప్పుకుంటారు. హారీ మార్టిన్‌సన్ అనే మరొకాయన తండ్రి పోయి, తల్లి అమెరికా వెళ్ళిపోతే, ఊరివారి ఖర్చు మీద ఇల్లిల్లూ మారి పెరిగాడు. 1974లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకడు. మన ఆళ్వారుస్వామి గారికి బహుమతులు రాలేదు. ఆయనకు దొరికింది జైలు.

హైదరాబాదు, పుస్తకాల గంప

ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఆయన హైదరాబాదు, సికింద్రాబాదు చేరారు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఇది చిన్న పని అనుకోకండి. తమ్ముళ్ళకు తెలియకపోవచ్చు, ఆ రోజుల్లో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చి పుటలు కట్టేవారు. పేర్చినదాన్ని కాగితం మీద తీసి తప్పులు చూడడమే ప్రూఫులు దిద్దడం. బడిలో చదవని వాడు పండితుల రాతల్లో తప్పులు పట్టుకుంటూ భాష నేర్చాడన్నమాట.

1938లో ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని జనం దేశోద్ధారక అని పిలిచేవారు. ఆ ఏడే ఆయన కన్నుమూశారు. ఆయన జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు. ఇరవై మూడేళ్ళ యువకుడు, చేతిలో పైసా లేనివాడు, తెలుగు చదవడమే కష్టమైన రాజ్యంలో తెలుగు పుస్తకాల ప్రచురణ మొదలుపెట్టాడు. మాకు ఇప్పుడు సరిగ్గా ఇరవై మూడేళ్ళు. మేము ఇంతవరకు ప్రచురించింది ఈ సంచికలో వ్యాసాలు రెండు!

పుస్తకం అచ్చు వేయడం ఒక ఎత్తు. కొనేవాడు ఎక్కడున్నాడు? పల్లెలో పుస్తకాల దుకాణం లేదు. దుకాణానికి వచ్చేవాడు అసలే లేడు. అందుకని ఆళ్వారుస్వామి గారు పుస్తకాలను గంపలో పెట్టి నెత్తికెత్తుకుని ఊరూరా తిరిగారు. కూరగాయలమ్మినట్టు పుస్తకాలమ్మారు. మన ఊళ్ళలో జామకాయల గంపతో, చేపల గంపతో వచ్చేవారిని చూశాం, పుస్తకాల గంపతో వచ్చినవారిని చూడలేదు. ఇలా ఆ గ్రంథమాల ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చింది. తెలంగాణ చరిత్ర, సంస్కృతి, జనజీవితం మీద వేరువేరు రచయితల వ్యాసాలను ఏర్చి కూర్చి తెలంగాణం అనే పేరుతో సంపుటాలు వేశారు. తెలంగాణలో కవులే లేరు, రచయితలే లేరు అని తేలిగ్గా మాట్లాడేవారు ఉన్న కాలం అది.

మా ఉద్దేశంలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఈ గంపే. నవల కన్నా కూడా. ఎందుకంటే, కష్టపడి చదువుకున్నవారు చాలామంది ఉన్నారు. చదువుకున్నాక తమకు ఉద్యోగమో, పేరో వస్తే అక్కడితో సరిపెట్టుకుంటారు. తప్పు కూడా కాదు, ఇంట్లో పరిస్థితులు అలా ఉంటాయి. కానీ ఈయన తనకు పుస్తకం దొరకని రోజులను మరిచిపోలేదు. పుస్తకం దగ్గరకు రాలేనివాడి దగ్గరకు పుస్తకమే పోవాలనుకున్నారు. వంట చేసి వడ్డించిన చేతులు కదా, వడ్డించడం ఆయనకు మానలేదు.

గ్రంథాలయాల పని, గ్రామాల పని చేస్తూనే ఆంధ్ర మహాసభలో చేరారు. నిజాం రాష్ట్రంలోని తెలుగువారు తమ భాష కోసం, హక్కుల కోసం పెట్టుకున్న సంస్థ అది. మొదటి మహాసభ 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. మొదట్లో బడులు కావాలి, గ్రంథాలయాలు కావాలి అని తీర్మానాలు చేసేది. పోను పోను వెట్టి రద్దు, కౌలుదార్ల రక్షణ అనే మాటలు బలంగా వచ్చాయి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులుగా జరిగిన సభతో అది పూర్తిగా పేద రైతుల, కూలీల పక్షం అయింది. ఆళ్వారుస్వామి గారు కూడా ఆ దారిలోనే కమ్యూనిస్టు పార్టీ వైపు నడిచారు. హైదరాబాదు నగరంలో రిక్షా తొక్కేవారి దగ్గర నుంచి అచ్చాఫీసు కార్మికుల దాకా సంఘాలు కట్టడంలో పనిచేశారు. తాను చేసిన పనులవారికి కూడా సంఘాలు కట్టారు.

జైలు

1942లో ఆయన మొదటిసారి జైలుకు పోయారు. క్విట్ ఇండియా రోజులు. ఏడాది పాటు ఉన్నారు. రెండోసారి ఇంకా పెద్దది. 1946 నుంచి 1951 దాకా ఆ జైలు నుంచి ఈ జైలుకు తిప్పారు. బయట తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న ఏళ్ళవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గారు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలయ్యాక ఊళ్ళకు ఊళ్ళు లేచాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసినా ఈయన చెరసాల ముగియలేదు. రాజు మారినా ఖైదీ మారలేదు.

నిజామాబాదు జైలు ముచ్చట ఒకటి సాహిత్యంలో చాలా ప్రసిద్ధం. దాశరథి కృష్ణమాచార్య గారు కూడా అప్పుడు అక్కడే ఖైదీ. ఆళ్వారుస్వామి గారి కన్నా పదేళ్ళు చిన్న. రాసుకోవడానికి కాగితం, కలం లేవు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గారు గోడ మీద నిజాంను దుమ్మెత్తిపోసే పద్యాలు రాసేవారు. జైలువాళ్ళు వచ్చి చెరిపేసేవారు. చెరిపేలోపే ఆళ్వారుస్వామి గారు వాటిని కంఠతా పట్టేవారు. గోడ మీద పోయినా ఆయన నోట్లో ఉండేవి. 1949లో అచ్చయిన అగ్నిధార కావ్యాన్ని దాశరథి గారు ఆళ్వారుస్వామి గారికే అంకితం ఇచ్చారు. రాజులకూ జమీందార్లకూ కావ్యాలు అంకితమిచ్చిన భాషలో, హోటల్లో టిఫిను అందించిన మనిషికి అంకితం దొరికింది.

జైల్లో ఆయన చూసింది రాజకీయ ఖైదీలను మాత్రమే కాదు. దొంగతనం చేసినవారు, కొట్లాటలో చంపినవారు, ఆకలికి తప్పు చేసినవారు, ఏ తప్పూ చేయకుండా ఇరుక్కున్నవారు. వారితో కూర్చుని మాట్లాడి, వారి కథలు విన్నారు. బయటికి వచ్చాక 1952లో జైలు లోపల అనే కథల పుస్తకం తెచ్చారు. అందులో పతితుని హృదయం అనే కథ ఉంది, దొరికితే తప్పక చదవండి. మనిషి పుట్టుకతో నేరస్థుడు కాడు, అతని చుట్టూ ఉన్న పరిస్థితులు అక్కడికి నెడతాయి అన్న ఎరుక ఆ కథలన్నిటిలో ఉంది. మన హాస్టల్లో ఎవరి పెట్టె తాళమైనా పగిలితే ముందు ఎవరి మీద అనుమానం పడేదో గుర్తు చేసుకోండి. అందరికన్నా పేదవాడి మీదే. ఆ తాళం పగలగొట్టింది ఇంకెవరో అని తర్వాత తేలినా, ఆ అబ్బాయి అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు. ఆ కథలు చదివినప్పుడు మాకు అతనే గుర్తుకొచ్చాడు.

ప్రజల మనిషి, గంగు

1955లో ప్రజల మనిషి నవల వచ్చింది. తెలంగాణ నుంచి వచ్చిన తొలి రాజకీయ నవల ఇదేనని విమర్శకులు చెబుతారు. కథ దిమ్మెగూడెం అనే పల్లెలో నడుస్తుంది. రామభూపాలరావు అనే దొర ఆ ఊరి మీద పెత్తనం చేస్తుంటాడు. కంఠీరవం అనే యువకుడు ఎదిరిస్తాడు. ఇలా రెండు ముక్కల్లో చెబితే సినిమా కథలా ఉంటుంది, కానీ పుస్తకం అలా లేదు. ఒక్కడు వచ్చి పదిమందిని కొట్టి ఊరిని బాగుచేయడు. ఊరివాళ్ళు భయపడతారు, ఒక అడుగు ముందుకు వేసి రెండు అడుగులు వెనక్కి పోతారు, మళ్ళీ కూడుకుంటారు. నిజంగా ఊళ్ళలో జరిగేది అదే కదా.

ఈ నవలలో వెట్టి ఎలా ఉండేదో తెలుస్తుంది. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క వెట్టి. చెప్పులు కుట్టి ఇవ్వాలి, బట్టలు ఉతకాలి, కుండలు ఇవ్వాలి, మూటలు మోయాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. డబ్బు లేదు, కాదనే హక్కు లేదు. దళితవాడలవారికి ఇంకా నికృష్టమైన చాకిరి. ఆ చాకిరి తప్పుతుందన్న ఆశతో కొందరు మతం మారడం, మారినా కడుపు బాధ తీరకపోవడం, మతం పేరుతో ఇరుపక్కలవారూ వారిని లాగడం రచయిత దాచకుండా రాశారు. నిజాం కాలపు ముస్లింలందరినీ ఒకే గాట కట్టలేదు. దొరలో ఉన్న చెడును దొరతనంలో చూశారు తప్ప మతంలో చూడలేదు.

మాకు ఒక లోటు కనిపించింది, అది కూడా చెబుతాం. కంఠీరవం వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు. ఆళ్వారుస్వామి గారు తన జీవితాన్నే చాలావరకు అతనిలో పెట్టారంటారు. మన వాడల్లాంటి వాడ ఆ నవలలో ఉంది, దాని కష్టం ఉంది, కానీ కథను నడిపేది ఆ వాడ కాదు. ఈ మాట మేము తరగతిలో అంటే కొందరు మిత్రులు ఒప్పుకోలేదు. 1955 నాటికి అంతమాత్రం రాసినవారు ఎంతమంది అని అడిగారు. అదీ నిజమే. వాడలో పుట్టినవారే తమ కథ తాము రాసుకునే కాలం తర్వాత వచ్చింది. వాడ మనుషులను జాలితో కాకుండా మనుషులుగా చూసిన దారి అంతకుముందు వేసినవారిలో ఈయన ఒకరు. దారి వేసినవారిని గౌరవిస్తూనే ఈ లోటును చెప్పుకోవచ్చని మా అభిప్రాయం.

భాష సంగతి. తెలంగాణ మాటలు, ఉర్దూ కలిసిన మాటలు ఉంటాయి. మొదటి ఇరవై పేజీలు కొంచెం తడుముకున్నాం. తర్వాత అలవాటైంది. మనం మాట్లాడే భాషను చూసి గుంటూరు కాలేజీల్లో నవ్వేవారు ఉన్నట్టే, తెలంగాణ భాషను చూసి నవ్వేవారూ ఉండేవారు. పలకల గనులున్న మార్కాపురం నుంచి వచ్చిన పలక మీద రాష్ట్రమంతా అక్షరాలు దిద్దుకుంది, ఆ పలక చేసినవాడి మాట మాత్రం మోటు అయింది. ఆళ్వారుస్వామి గారు తన ఊరి మాటకు సిగ్గుపడకుండా నవల రాశారు.

రెండో నవల గంగు. ప్రజల మనిషిలోని కాలం 1940 దగ్గర ఆగితే, ఇది ఆ తర్వాతి ఏళ్ళను అందుకుంటుంది. నవలకు ఆడపిల్ల పేరు పెట్టారు, ఉద్యమంలోకి ఆమె వస్తుంది. కానీ అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి గారు కన్నుమూశారు. అప్పటికి నలభై ఆరేళ్ళు కూడా నిండలేదు. గంగు అసంపూర్తిగానే 1965లో అచ్చయింది. తెలంగాణ ప్రజల పోరాటాన్ని వరుసగా నవలల్లో చెప్పాలన్న ఆయన కోరిక మధ్యలో ఆగింది.

ఆ పనిని తర్వాత దాశరథి రంగాచార్య గారు నెత్తికెత్తుకున్నారు. జైలు గోడ మీద పద్యాలు రాసిన దాశరథి గారికి ఆయన తమ్ముడు. చిల్లర దేవుళ్ళు, మోదుగుపూలు, జనపదం నవలలు ఆ వరుసలోవే. చిల్లర దేవుళ్ళు సినిమాగా కూడా వచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ మరుసటి ఏడాదే, 2015లో, ఆళ్వారుస్వామి గారి శతజయంతి వచ్చింది. ఆయన పేరు మళ్ళీ సభల్లో, పత్రికల్లో వినిపించింది. విశ్వవిద్యాలయాల్లో తెలుగు ఎం.ఏ. చదివేవారు ఆయనను నవలా సాహిత్య చరిత్రలో చదువుతారు. బడిలో సరిగా చదవని మనిషి మీద ఇప్పుడు పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవారిలో మేమే మొదటివాళ్ళం. ఇంటికి పోతే నాన్న మా పుస్తకాలు చేతిలోకి తీసుకుని బరువు చూసి పక్కన పెడతాడు. అమ్మ బొమ్మలుంటే చూస్తుంది. పోయిన సంక్రాంతికి ప్రజల మనిషి తీసుకుపోయి రాత్రిపూట కొంచెం కొంచెం చదివి వినిపించాం. దొర దగ్గర వెట్టి చేసే ఘట్టాలు వచ్చినప్పుడు నాన్న మధ్యలో ఆపి, వాళ్ళ నాన్న జీతం ఉన్న ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంగతులు ఇరవై మూడేళ్ళలో మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. మూడు రాత్రులు పుస్తకం కన్నా ఆయన మాటలే ఎక్కువయ్యాయి. పుస్తకం పూర్తికాకుండానే సెలవులు అయిపోయాయి. మిగిలింది ఉగాదికి వచ్చి చదవమని అడిగాడు.

మన హాస్టలుకు కూడా ఒక ప్రతి తెచ్చి ఇచ్చాం. పాత ప్రతి, అట్ట కొంచెం చిరిగింది, లోపల పేజీలన్నీ ఉన్నాయి. వార్డెన్ గారి గదిలో ఇనుప బీరువా పై అరలో పెట్టారు. తాళంచెవి వంట చేసే పెద్దమ్మ దగ్గర ఉంటుంది. సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టే లోపు అడిగితే తీసి ఇస్తుంది. తీసుకున్నవారు చివరి పేజీలో పేరు, తరగతి రాయండి. ఇది రాసేనాటికి అందులో నాలుగు పేర్లు ఉన్నాయి, నాలుగూ తొమ్మిదో తరగతివే.